పగలని కొబ్బరికాయ

మా పర్లాకిమిడిలో గుంట అంటే ఆడపిల్ల.
గుంట అంటే గొయ్యి కూడా.
రెండింటికీ ఒకే మాట ఎందుకుందో
కింతలి మందాకిని మేడం వచ్చేదాకా
నాకు తట్టలేదు.

బస్టాండు వెనక వెల్డింగు షాపు నాది.
మహేంద్రతనయ ఒడ్డున, పార్కులో
ఆ జారుడుబల్ల నా చేతిదే.
ఎనిమిదడుగుల ఎత్తు. కింద సిమెంటు.
గట్టిగా ఉండాలన్నారు, గట్టిగానే చేసినాను.
కిందపడ్డవాళ్లకి ఎంత గట్టిగా తగలాలో
వాళ్లు చెప్పలేదు, నానడగలేదు.

కాలేజీలో ముప్పయ్యేళ్లు
పడే వస్తువుల గురించి పాఠం చెప్పిందట ఆవిడ.
రిటైరైన మర్నాడు
పడే పిల్లల దగ్గరికొచ్చింది.
సంచీలో ఒక వెలగకాయ, ఒక బూడిదగుమ్మడికాయ,
దర్జీ టేపు.
'కూరకేటమ్మా?' అన్నాను.

నిచ్చెన మెట్ల సందులో వెలగకాయ పెట్టింది. దూరింది.
గుమ్మడికాయ పెట్టింది. ఇరుక్కుంది.
'చిన్నది దూరితే పెద్దదీ దూరాలి నాయనా,
లేదంటే రెండూ దూరకూడదు.
ఒళ్లు జారిపోయి తల ఆగిపోతే
మధ్యలో మిగిలేది మెడ.'

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

పోయిన వేసవిలో
బెహెరా వాళ్ల గుంటడికి గడ్డం కింద ఆరు కుట్లు.
బేగి పని తెమల్చాలని
నాను కొయ్యకుండా ఒగ్గీసిన బోల్టు అది.
అప్పుడెవరూ నన్నడగలేదు.
ఆవిడా అడగలేదు.
బోల్టు మొన మీద వేలు పెట్టి
కాసేపు ఊరికే నిలబడింది.

అర్జీలు ఒడియాలో రాసేది,
లెక్కలు తెలుగులో కట్టేది.
మునిసిపాలిటీలో ఏ టేబుల్ దగ్గరకెళ్లినా
'హఉ, దేఖిబా' అనేవారు.
చూద్దాం.
చూద్దామన్నవాళ్లెవరూ మూడేళ్లు
చూడ్డానికి రాలేదు.
ఆవిడ మాత్రం పటం గీస్తూనే ఉంది:
ఉయ్యాలలు నడక దారికి ఎడంగా,
పసివాళ్ల చోటు వేరేగా,
కూర్చున్న తల్లికి కనపడని మూల ఒక్కటీ లేకుండా.
'పడమటెండకి నీ రేకు పెనమైపోతుంది,
ఉత్తరానికి తిప్పు' అంది నాతో.
తొడలు కాలిన పిల్లలు
ఇంటికెళ్లి చెప్పుకోరట, మళ్లీ రారంతే.

చివరికి సిమెంటు బద్దలుకొట్టినారు.
ఎనిమిదడుగుల్ని ఆరు చేసినాను.
ప్రతి అంచూ ఆకురాయితో అరగదీసి
నా బుగ్గకి రాసుకుని చూసినాను.
కింద గుంట తవ్వి
పన్నెండంగుళాల ఏటి ఇసక పోసినారు.

ప్రారంభం రోజు ఛైర్మన్ గారు కొబ్బరికాయ పట్టుకుని
కొట్టడానికి రాయి కోసం వెతికినారు.
పార్కంతా వెతికినా ఒక్క రాయి లేదు.
ఆవిడ ఆ కాయ తీసుకుని నా చేతికిచ్చి
'పైకెక్కి వదలరా' అంది.
వదిలినాను.
ధబ్ మంది. పగల్లేదు.
మళ్లీ వదిలినాను.
పగల్లేదు.
పంతులుగారి మొహం మాడిపోయింది.
అపశకునమని గుసగుసలు,
సగం తెలుగులో, సగం ఒడియాలో.
ఆవిడొక్కతే చప్పట్లు కొట్టింది.
తరవాత నాను.
తరవాత, ఎందుకో తెలీకుండానే,
గడ్డం మీద గీతున్న ఆ గుంటడు.

ఇసక ఉన్నచోట ఉండదు.
వాన కొంత తోసుకుపోతుంది,
ఇళ్లు కట్టుకునేవాళ్లు రాత్రులు తట్టలతో
కొంత ఎత్తుకుపోతారు.
పిల్లుల సంగతి చెప్పక్కర్లేదు.
నెలనెలా స్వెటర్లల్లే సూది గుచ్చి
ఆవిడే లోతు చూసేది.
ఇప్పుడు మోకాళ్లు అరిగి మేడ దిగడం లేదు.
సూది నా దగ్గరుంది.
శనివారం శనివారం చీటీ రాసి పంపుతాను,
తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది
తిప్పి పంపుతుంది.

నిన్నటి చీటీ:
ఉండాల్సింది పన్నెండు.
ఉన్నది తొమ్మిది.
రేపు బండి ఇసక తోలిస్తున్నాను మేడం,
అంతదాకా బల్ల మెట్లకి తాడు కట్టినాను.